సర్దుకున్న ఇళ్ళు

ప్రయోగం 2వ రోజు

లేఖరి రాతలో కోపం, వెటకారం, సొంత అభిప్రాయం ఉండకూడదని ఆటశాల నియమావళి పద్నాలుగో పేజీలో ఉంది. ఆరేళ్ళుగా అధికార పుస్తకంలో నేను అలాగే రాస్తున్నాను. అందువల్ల కడుపుబ్బిపోయి ఈ రెండో పుస్తకం మొదలుపెట్టాను. ఇందులో నా ఇష్టం వచ్చినట్టు రాసుకుంటాను.

ఇవాళ ఇరవై మూడో అంతస్తులోని నా గది నుంచి యాభై ఎనిమిదిలో ఉన్న మా చెల్లెలు కోమలి ఇంటికి మెట్లెక్కి వెళ్ళాను. ఒక చేతిలో నీళ్ళ డబ్బా, ఇంకో చేతిలో రెండు పూటలకి సరిపడా నాచు రొట్టెలు. నలభయ్యో అంతస్తు దాటాక మెట్టుమెట్టుకీ డబ్బా దించుకుంటూ ఎక్కాను. గాలిమరలు ఇచ్చే కరెంటు చాలట్లేదని నిన్నటి నుంచి మా డెబ్భై రెండంతస్తుల స్తంభంలో మూడు లిఫ్టుల్లో ఒక్కటే తిరుగుతోంది. ఏ అంతస్తులో ఎక్కువమంది బొత్తాం నొక్కితే ఆ అంతస్తుకి ముందు వెళ్తుందట. దీన్ని కొత్త వంతుల పద్ధతి అంటున్నారు. నలభై రోజులు ప్రయోగం. ఈలోపు మా ఆటశాల వాళ్ళు ఆ పద్ధతిని బోర్డు మీద ఏడుసార్లు ఆడి చూసి, అభ్యంతరాలుంటే స్తంభసభకి రాసివ్వాలి. లేవని రాసిస్తే పదకొండు స్తంభాలకీ ఇదే శాశ్వతం.

కోమలిది గాలిమర రెక్కలెక్కి ఉప్పు గీకే పని. రెండు నెలల కిందట తాడు జారి పడింది, తుంటి విరిగింది. ఎముక అతికింది గానీ కీలు ఇంకా మొరాయిస్తోంది. మూడు రోజులకోసారి తొమ్మిదో అంతస్తులోని ఆసుపత్రి తొట్టిలో, రొమ్ములోతు నీళ్ళలో నడవాలి. నెల రోజులు మానేస్తే కీలు బిగుసుకుపోతుందనీ, ఆ తర్వాత రెక్కలెక్కే పని మర్చిపోవాల్సిందేననీ డాక్టరు మొహం మీదే చెప్పాడు. మంచం మీద పడుకుని కూడా తాడు ముడులు వేసి విప్పుకునే మనిషి అది. ఆ పని పోతే దానికి ఏం మిగులుతుందో నాకు తెలీదు.

"పొద్దున్నుంచీ నాలుగుసార్లు నొక్కానక్కా. రాలేదు" అంది.

నేను నొక్కుదామంటే ఆ బొత్తాం ఇంటివాళ్ళ బొటనవేలికి తప్ప పలకదు.

3వ రోజు

మొదటి ఆట. బోర్డు అందంగానే ఉంది, ఒప్పుకోవాలి. మా స్తంభాన్ని నిలువునా కోసి పరిచినట్టు ఏడో అంతస్తు నుంచి డెబ్భై రెండు దాకా గీశారు. కింది ఆరూ సముద్రంలో మునిగి ఉన్నాయి కాబట్టి నీలం పూసి వదిలేశారు. అంతస్తు అంకె వేసిన బిళ్ళలు, వంతుకి లిఫ్టు ఎన్ని తిరుగుళ్ళు తిరగాలో తేల్చే పాచిక, గాలి చీటీలు ఉన్నాయి. ఒక్కో బిళ్ళ లిఫ్టు కోసం ఎదురుచూసే ఒక ఇల్లు. నలుగురు ఆటగాళ్ళు స్తంభాన్ని నాలుగు భాగాలుగా పంచుకుంటారు. ముప్పై వంతులు పూర్తయ్యేసరికి ఎవరి భాగంలో పన్నెండు కంటే ఎక్కువ బిళ్ళలు ఎదురుచూస్తుంటే వాళ్ళు ఓడినట్టు.

మా నలుగురి సంగతి. త్రిమూర్తులుగారు అధ్యక్షులు. ఇరవై రెండేళ్ళుగా ఆడుతున్నారు. పాచిక వేసేముందు చొక్కా చేతులు మడుచుకుంటారు. సలోమి పడవల రేవులో లెక్కలు చూస్తుంది, ఏ ఆటైనా రెండోసారికి దాని ఆయువుపట్టు కనిపెట్టేస్తుంది. మస్తాన్ వలీ ఏడో అంతస్తు వంటశాల మనిషి, చేప పకోడీ లేకుండా ఆటకి రాడు. నాలుగో ఆవిడ అచ్చియ్యమ్మగారు. డెబ్భై ఏళ్ళకి దగ్గర పడ్డారు, ఉండేది అరవై ఆరో అంతస్తులో. నేను, వనజాక్షిని, పక్కన కూర్చుని రాస్తాను. ఆటలో నాకు చెయ్యి లేదు, మాట లేదు. లేఖరి నోరు విప్పితే ఆ రోజు నమోదు చెల్లదు.

ఆట అయ్యాక చెరుగుడు. చేటలో బియ్యం చెరిగినట్టు ఆటని చెరిగి మట్టిగడ్డలు, రాళ్ళు ఏరడం అన్నమాట. ఓడినవాళ్ళు ముందు మాట్లాడాలి, గెలిచినవాళ్ళు చివర. ఆటలోని కన్నాలు ఓడినవాళ్ళకే కనబడతాయని మా ముందువాళ్ళు పెట్టిన పద్ధతి. మంచి పద్ధతని ఇన్నాళ్ళూ అనుకున్నాను.

ఇవాళ పైభాగం అచ్చియ్యమ్మగారికి పడింది, చిత్తుగా ఓడిపోయారు. "పైవాళ్ళకి లిఫ్టు అందట్లేదండి. నాలుగు ఇళ్ళున్న అంతస్తు, నలభై ఇళ్ళున్న అంతస్తుతో ఎక్కడ పోటీ పడుద్ది? ఆడేకొద్దీ పేరుకుపోతన్నారు" అన్నారు. నాకు లేచి ఆవిడ చేతులు పట్టుకోవాలనిపించింది. అక్షరం పొల్లుపోకుండా రాశాను.

"బాగా చెప్పారు గానీ మొదటి ఆట లెక్కలోకి రాదండి. చెయ్యి తిరగని ఆట కదా" అన్నారు త్రిమూర్తులుగారు. అదీ నియమమే.

8వ రోజు

రెండో ఆట. నేను భయపడ్డట్టే సలోమి ఆయువుపట్టు కనిపెట్టింది.

ఆట పుస్తకంలో తొమ్మిదో సూత్రం ఇలా ఉంది: "మూడు వంతుల పాటు లిఫ్టు అందని ఇల్లు వేరే ఏర్పాటు చేసుకున్నట్టు. ఆ బిళ్ళను సర్దుకున్న ఇల్లుగా తీసి డబ్బాలో వేయాలి." మొదటిసారి దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. ఇవాళ సలోమి తన భాగంలో పై అంతస్తుల జోలికే పోలేదు. మూడు వంతులు ఓపిక పట్టి, బిళ్ళలన్నీ చేత్తో ఊడ్చి డబ్బాలో పోసింది. పద్దెనిమిదో వంతుకే ఆమె పని తేలికైపోయింది.

"అప్పడాలు ఎండబెట్టినట్టు ఎండబెట్టేశావ్ కదమ్మా" అన్నాడు మస్తాన్. ఆ మాట అందరికీ నచ్చేసింది. ఇంకో గంటలో నలుగురూ ఎండబెడుతున్నారు. మస్తాన్ ఒక్కడే ఆలస్యంగా మొదలుపెట్టి ఒక్క బిళ్ళ తేడాతో ఓడిపోయాడు. చెరుగుడులో ముందు మాట్లాడాల్సింది అతనే కదా. ఏమన్నాడు? "నేను ముందునుంచే ఎండబెట్టుండాల్సిందండి." అంతే. అది రాశాను. రాస్తుంటే ఒళ్ళు మండిపోయింది.

10వ రోజు

నిన్న లిఫ్టు కోమలి గుమ్మం దాకా వచ్చిందట. ఎగిరి గంతేసినంత పని చేసి కిందికి వెళ్ళింది, తొట్టిలో అరగంట నడిచింది. పైకి రావడానికి మాత్రం తొమ్మిదో అంతస్తు బల్ల మీద అయిదు గంటలు కూర్చుంది. కింది అంతస్తుల వాళ్ళు గుంపులు గుంపులుగా నొక్కుతుంటే లిఫ్టు ఏడుకీ ఇరవైకీ మధ్యే బొంగరంలా తిరిగిందట. ఇంటికొచ్చేసరికి తుంటి వాచిపోయింది. తొట్టిలో సాధించినదంతా బల్ల మీద పోయింది.

"డాక్టరునే పైకి రమ్మందాం" అన్నాను.

"తొట్టి కూడా మోసుకొస్తాడా?" అంది.

నా గదికి తీసుకెళ్దామంటే, మంచం వేస్తే తలుపు తెరుచుకోని గది అది. అక్కడి నుంచి తొట్టికి పద్నాలుగు అంతస్తులు, ఆ మెట్లు కూడా అది దిగలేదు.

13వ రోజు

మూడో ఆట. నలుగురూ గెలిచారు. ఇరవై రెండేళ్ళలో మూడో ఆటకే నలుగురూ గెలవడం ఇదే మొదటిసారి అని త్రిమూర్తులుగారు పొంగిపోయారు. అచ్చియ్యమ్మగారు తన అరవై ఆరో అంతస్తు బిళ్ళని తనే ఎండబెట్టి, "నన్ను నేనే డబ్బాలో ఏసుకున్నానండోయ్" అని పడీ పడీ నవ్వారు. అందరూ నవ్వారు. నవ్వొచ్చే మాటే.

ఆ తర్వాత చెరుగుడు. ఓడినవాళ్ళు లేరు. ముందు మాట్లాడేవాళ్ళు లేకపోతే చెరుగుడు మొదలు కాదు. మొదలు కాని చెరుగుడుకి "అభ్యంతరాలు లేవు" అని రాయాలి. నా గుండ్రటి అక్షరాలతో రాశాను. త్రిమూర్తులుగారు చూసి "మీ దస్తూరీ ముత్యాలండి" అన్నారు.

తీరిక దొరికింది కదా అని మిగతా గంటా దేని గురించి మాట్లాడుకున్నారో తెలుసా. బిళ్ళల మందం. పలచగా ఉంటే వేలికి సరిగ్గా అందట్లేదట. నీలం రంగు ఇంకాస్త ముదురుగా ఉంటే సముద్రం లోతు తెలిసేదట. పాచిక బరువు బాగుందట. నలుగురూ తెలివైనవాళ్ళే. ఉప్పు పంపకం పద్ధతిని ఆడినప్పుడు అందులోని మోసాన్ని రెండు చెరుగుళ్ళలో బయటపెట్టింది వీళ్ళే. అది గుర్తొచ్చి ఇంకా మండింది.

15వ రోజు

ఇక ఉండబట్టలేక టీ దగ్గర త్రిమూర్తులుగారికి కోమలి సంగతంతా చెప్పాను. ఆయన శ్రద్ధగానే విన్నారు. "అయ్యో" అన్నారు. అది మొక్కుబడి అయ్యో కాదు.

"మరి చెరుగుడులో మీరు అనొచ్చు కదండీ?"

"ఎలా అంటానమ్మా. బోర్డు మీద కనపడిందే చెరగాలి. బయటివి లోపలికి తెస్తే రేపు ఎవడి బావమరిది గోల వాడు తెస్తాడు. ఆ కట్టుబాటు లేకపోతే ఆటశాలని ఎవరు నమ్ముతారు చెప్పండి?"

ఆయన చెప్పినదాంట్లో తప్పు పట్టలేకపోయాను. టీ తాగి వచ్చేశాను.

19వ రోజు

నిన్న నాలుగో ఆట. నలుగురూ గెలిచారు. అభ్యంతరాలు లేవు.

ఇవాళ మస్తాన్‌ని బతిమాలి పైకి తీసుకెళ్ళాను. కోమలిని కుర్చీలో కూర్చోబెట్టి ఇద్దరం మోసుకుంటూ మెట్లు దిగడం మొదలుపెట్టాం. మలుపు దగ్గర కుర్చీ వంచాల్సి వస్తోంది. వంచినప్పుడల్లా అది పెదవి కొరుక్కుంటోంది. నలభై ఏడో అంతస్తు దగ్గర ఇక ఓర్చుకోలేక అరిచింది. రెక్క మీంచి పడ్డప్పుడు కూడా అరవలేదని తోటివాళ్ళు చెప్పారు. మళ్ళీ పైకి మోసుకెళ్ళి పడుకోబెట్టాం.

తిరిగి దిగేటప్పుడు మస్తాన్ నాకంటే రెండు మెట్లు ముందే నడిచాడు. నేనే అడిగాను.

"చూశావుగా. చెరుగుడులో చెప్పు."

"గెలిచాను కదక్కా. గెలిచినోడు ముందెలా మాట్లాడతాడు?"

"అయితే ఓడిపో."

"కావాలని ఓడితే ఆటశాల నుంచి గెంటేత్తారక్కా. మళ్ళీ జన్మలో బోర్డు ముట్టనివ్వరు. అయినా సలోమమ్మ పసిగట్టేత్తాది. నా మొకం చూత్తేనే తెలిసిపోద్ది."

అదీ నిజమే. కావాలని ఓడటం మా దగ్గర అన్నింటికంటే పెద్ద తప్పు. అలా ఓడిన ఆట ఆటే కాదంటారు. ఎన్ని కట్టుబాట్లు పెట్టుకున్నామో చూస్తుంటే నాకే విసుగొస్తోంది.

23వ రోజు

కోమలి బొత్తాం నొక్కడం మానేసింది. నాకు చెప్పనేలేదు. ఏడో అంతస్తు తెర మీద చూసి తెలుసుకున్నాను. "58వ అంతస్తు, నాలుగో ఇల్లు: సర్దుకున్న ఇల్లు" అని ఆకుపచ్చ అక్షరాల్లో ఉంది. పక్కన చిన్న పువ్వు గుర్తు కూడా. మూడు రోజులు నొక్కకపోతే అలా చేరుస్తారట. మళ్ళీ జాబితాలోకి రావాలంటే ఇంటివాళ్ళు స్వయంగా ఏడో అంతస్తు కార్యాలయానికి రావాలి.

"స్వయంగా ఎలా వస్తుందండీ, రాలేకే కదా ఈ గొడవంతా" అని కార్యాలయంలో అడిగాను. అక్కడి అబ్బాయి కాగితం తిప్పి చూపించాడు. అలాగే ఉంది.

పైకెళ్ళి దాన్ని నాలుగు కేకలేశాను. "ఎందుకు మానేశావే?"

"ఎన్నిసార్లని నొక్కను? నొక్కి తలుపుకేసి చూస్తూ కూర్చోవడం కంటే నొక్కకపోతేనే మనశ్శాంతిగా ఉంది. నేనేదో సర్దుకుంటాలే అక్కా."

ఆ మాట వినగానే ఇంకా కోపమొచ్చింది. దాని మీద కాదు, ఆ పువ్వు గుర్తు మీద.

30వ రోజు

అయిదో ఆట, ఆరో ఆట కూడా అయిపోయాయి. రెండింట్లోనూ నలుగురూ గెలిచారు. రెండుసార్లూ అభ్యంతరాలు లేవు. స్తంభసభ నుంచి అభినందన కూడా వచ్చింది, పై అంతస్తుల నుంచి లిఫ్టు కోసం వచ్చే పిలుపులు బాగా తగ్గిపోయాయట. త్రిమూర్తులుగారు ఆ కాగితం చదివి వినిపించారు. నేను నోటికి తాళం వేసుకుని నమోదు చేశాను.

కోమలి తొట్టిలో దిగి ఇవాళ్టికి ఇరవై ఒక్క రోజులు. మంచం మీంచి లేచేటప్పుడు ఇప్పుడు కాలు వంచట్లేదు, ఈడుస్తోంది.

36వ రోజు, ఆటకి ముందు

ఆఖరి ఆట ఇవాళే. అచ్చియ్యమ్మగారు రాలేదు. కబురూ లేదు. "ఆఖరి రోజు చెప్పాపెట్టకుండా మానేశారు చూడండి, ఇంత వయసొచ్చి" అని త్రిమూర్తులుగారు విసుక్కున్నారు. నలుగురు లేకపోతే ఆట సాగదు. ఎవరైనా రాకపోతే లేఖరి కూర్చోవాలని నియమం. ఆరేళ్ళలో ఆ అవసరం ఒక్కసారీ రాలేదు. కొత్తగా కూర్చున్నవాళ్ళకి పైభాగం ఇవ్వడం ఆనవాయితీ. అంటే యాభై ఆరు నుంచి డెబ్భై రెండు దాకా నావే. యాభై ఎనిమిది కూడా.

ఓడిపోతాను. గెంటేస్తే గెంటేయనీ. ఓడి, ముందు మాట్లాడి, కడుపులో ఉన్నదంతా కక్కేస్తాను.

36వ రోజు, ఆట తర్వాత

గెలిచాను.

ఎలా జరిగిందో వరసగా రాయాలి, లేకపోతే రేపు నాకే నేను వేరేలా చెప్పుకుంటాను. మొదటి పది వంతులూ అనుకున్నట్టే ఆడాను. యాభై ఎనిమిదికి లిఫ్టు పంపుతూనే ఉన్నాను. మిగతా అంతస్తుల్లో బిళ్ళలు పేరుకుపోయాయి. "అక్కకి చెయ్యి తిరగలేదులే" అని మస్తాన్ జాలిపడ్డాడు. అతని జాలి నాకు గుచ్చుకుంది. ఆరేళ్ళు పక్కన కూర్చుని చూసినదాన్ని, నాకు తెలీని ఎత్తు ఏముంది? అరవై ఒకటిని, అరవై రెండుని కలిపి ఒకే తిరుగుడులో తెచ్చాను. "అబ్బో" అన్నారు త్రిమూర్తులుగారు. ఆ అబ్బో చాలా బాగుంది.

ఆ తర్వాత గాలి తగ్గిందనే చీటీలు వరసగా రెండు పడ్డాయి. లిఫ్టు తిరుగుళ్ళు సగమయ్యాయి. అప్పుడిక లెక్కలు వేయడం మొదలుపెట్టాను. ఏది ముందు, ఏది వెనక, ఎన్ని బిళ్ళలు, ఎన్ని వంతులు. బోర్డు తప్ప ఇంకేమీ కనబడలేదు. ముప్పయ్యో వంతుకి నా భాగంలో పదమూడు బిళ్ళలున్నాయి. ఒక్కటి పోతే చాలు. మూడు వంతులుగా లిఫ్టు అందని బిళ్ళ ఒక్కటే ఉంది. నా చెయ్యి వెళ్ళింది, దాన్ని తీసి డబ్బాలో వేసింది. టక్కుమని చప్పుడైంది. మస్తాన్ బల్ల మీద గుద్ది "శభాష్ అక్కా" అన్నాడు. నాకు ఒళ్ళంతా సంతోషం పాకింది. నిజంగా సంతోషమే, ఇంకోటని అబద్ధం రాయను. ఆ తర్వాత మస్తాన్ మొహం పాలిపోవడం చూసి డబ్బాలోకి తొంగిచూశాను. పైనే ఉంది. యాభై ఎనిమిది.

"నలుగురూ గెలిచారు. ముందు మాట్లాడేవారు లేరు కనుక..." అని త్రిమూర్తులుగారు మొదలుపెట్టారు.

"ఓడినవాళ్ళున్నారండి" అన్నాను. ఇవాళ నేను ఆటగత్తెని, నాకు మాటుంది. డబ్బా తీసి బల్ల మీద బోర్లించాను. బిళ్ళలు దొర్లి నేల మీద కూడా పడ్డాయి. "నలభై పైనే ఉంటారు. ఓడినవాళ్ళు ముందు మాట్లాడాలి కదండీ. పిలవండి."

"బిళ్ళలు మాట్లాడతాయేంటమ్మా?"

"ఇది మాట్లాడుద్దండి. నాలుగో ఇల్లు." యాభై ఎనిమిది తీసి ఆయన ముందు పెట్టాను. "బయటిది కాదు, మీ బోర్డు మీదదే."

"వనజాక్షిగారూ, మీ బాధ నాకు తెలుసు. కానీ కట్టుబాటు..."

ఆయన మాట పూర్తి కాలేదు. సలోమి నేల మీద వంగి వెతుకుతోంది. ఒక బిళ్ళ తీసి, తుడిచి, యాభై ఎనిమిది పక్కన పెట్టింది. అరవై ఆరు.

"అచ్చియ్యమ్మగారు మానెయ్యలేదండి" అంది మెల్లిగా. "ఆవిడికి లిఫ్టు రాలేదు. రెండో ఆట నుంచీ నేనే నేర్పాను కదా అందరికీ." నేల మీద మిగిలిన బిళ్ళలు కూడా ఏరసాగింది.

త్రిమూర్తులుగారు ఆ రెండు బిళ్ళల్నీ చాలాసేపు చూశారు. తర్వాత చొక్కా చేతులు మడుచుకుని లేచారు. "మెట్లెటు?" అని అడిగారు. ఆయనది పదహారో అంతస్తు. ఈ స్తంభంలో మెట్లు ఎటున్నాయో తెలుసుకునే అవసరం ఇన్నేళ్ళలో ఆయనకి పడలేదు.

పద్నాలుగులోని ఆటశాల నుంచి యాభై ఎనిమిదికి నలభై నాలుగు అంతస్తులు. ముప్పై ఒకటి దగ్గర త్రిమూర్తులుగారు గోడకి చేరగిలబడి నీళ్ళడిగారు. నలభైలో సలోమి చెప్పులు విప్పి చేత పట్టుకుంది. మస్తాన్ అధికార పుస్తకం చంకలో పెట్టుకుని ఎక్కుతున్నాడు.

తలుపు తట్టాం. లోపల మంచం కిర్రుమంది. తర్వాత కర్ర చప్పుడు, ఆగడం, కాలు ఈడ్చిన చప్పుడు, మళ్ళీ ఆగడం. పది అడుగుల గది అది. మేం గుమ్మంలో నిలబడి వింటూనే ఉన్నాం. తలుపు తెరుచుకునేసరికి త్రిమూర్తులుగారు మెట్టు మీద కూలబడి తల వంచుకుని ఉన్నారు.

"ఏంటక్కా ఇంతమంది?" అంది కోమలి.

త్రిమూర్తులుగారే లేచి చెప్పారు. "మేం ఆటశాల వాళ్ళం తల్లీ. ఆటలో ఓడినవారు ముందు మాట్లాడాలి. మీ మాట రాసుకోవడానికొచ్చాం."

"నేనేం ఆడలేదే. ఎలా ఓడిపోయాను?"

వాళ్ళు ముగ్గురూ నావైపు చూశారు. ఇక తప్పించుకునే దారి లేదు.

"నీ బిళ్ళ నేను తీసేశానే" అన్నాను.

"నువ్వా? దేనికి?"

"గెలవడానికి."

"ఇక్కడ నేనున్నానని తెలుసుగా నీకు."

"తెలుసు."

అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండేది. కర్ర మీద బరువు ఇటు నుంచి అటు మార్చుకుంది.

"అయితే నన్నేం అడుగుతారు? నా మాట ఏముందిలే, లిఫ్టు రాలేదు, అంతే కదా. ఇప్పుడు నువ్వన్నావే, అది రాయి" అంది.

గుమ్మంలోనే కూర్చుని అధికార పుస్తకం ఒళ్ళో పెట్టుకుని రాశాను. పద్నాలుగో పేజీ నియమం ప్రకారం అందులో కోపం లేదు, వెటకారం లేదు. ఇక్కడ కూడా అలాగే దించుతున్నాను.

"మొదటి అభ్యంతరం. 58వ అంతస్తు నాలుగో ఇంట్లో లేఖరి సొంత చెల్లెలు ఉంది. ఆమెకు లిఫ్టు అందకపోతే కాలు పోతుందని లేఖరికి తెలుసు. ఓడిపోవాలనే నిశ్చయంతోనే లేఖరి ఆటకు కూర్చుంది. అయినా ఈ ఆట ఆమె చేతనే ఆ బిళ్ళను తీయించింది, తీసినందుకు ఆమెను సంతోషపెట్టింది. పైన ఎవరున్నారో తెలియనివారి చేత ఈ పద్ధతి ఇంకేమి చేయిస్తుందో సభ ఆలోచించాలి."

నేనే ఓడిపోదామనుకున్నట్టు రాసిచ్చాక ఇక ఆటశాలలో నా చోటు పోయినట్టే. సలోమి చదివి సంతకం పెట్టింది. మస్తాన్ పెట్టాడు. త్రిమూర్తులుగారు కలం పట్టుకుని, "మొత్తం ఏడాటల్లో నేనెన్ని తీసుంటానంటారు?" అని సలోమిని అడిగారు.

"డెబ్భై దాకా ఉంటాయండి."

"అది కూడా రాయండి, నా పేరుతో" అని సంతకం పెట్టి, అచ్చియ్యమ్మగారి కోసం ఇంకో ఎనిమిది అంతస్తులు ఎక్కడానికి లేచారు.

53వ రోజు

ప్రయోగం ఆగిపోయింది. మా కాగితం మీద రెండు వారాలు తర్జనభర్జన పడి వంతుల పద్ధతిని సభ వెనక్కి తీసుకుంది. పై అంతస్తులకి పూటకోసారి తప్పనిసరిగా లిఫ్టు వస్తోంది. నన్ను ఆటశాల నుంచి తీసేశారు. ఆ కాగితం మీద మొదటి సంతకం త్రిమూర్తులుగారిదే. పెట్టాక నా గదికొచ్చి చాలాసేపు కూర్చున్నారు. కట్టుబాటు కట్టుబాటే అన్నారు, నేనూ కాదనలేదు.

ఇవాళ కోమలిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన కాలు వంచి చూశాడు, మళ్ళీ వంచి చూశాడు. కర్ర సాయంతో నడుస్తుంది, నడక మెరుగవుతుంది, రెక్కలెక్కడం మాత్రం ఇక కుదరదన్నాడు. తొట్టిలో ఇంకా ఎన్నాళ్ళు నడవాలని మాత్రం అడిగింది కోమలి.

తిరిగి వచ్చేటప్పుడు లిఫ్టులో మేమిద్దరమే ఉన్నాం. యాభై ఎనిమిది నొక్కడానికి నేను చెయ్యి చాపాను. అది కర్రతో నా చేతిని పక్కకి జరిపి, తనే నొక్కింది.